ట్రెయిన్డ్ కేర్ టేకర్ అన్నారు, కాగితం చూపించమన్నాను

రేటింగ్ ముందే చెప్పేస్తాను. మంచాన పడ్డ మా అమ్మని చూసుకోవడానికి మా ఇంటికి వచ్చిన రెండో అమ్మాయికి ఐదుకి నాలుగున్నర. ఆమెను పంపిన హోమ్ నర్సింగ్ బ్యూరోకి రెండు, అదీ ఆమెను పంపినందుకే. బ్యూరో పేరు రాయడం లేదు. హాస్పిటల్ లిఫ్ట్ దగ్గర చేతిలో పెట్టే విజిటింగ్ కార్డుల్లో ఏ నంబరుకి ఫోన్ చేసినా దాదాపు ఇవే మాటలు వినిపించాయి. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లని నేను సంతకం పెట్టినట్టు అవుతుంది.

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం. మా అమ్మకి 81 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది, మింగడం కుదరడం లేదని ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే గొట్టం, రైల్స్ ట్యూబ్, వేసి పంపారు. యూరిన్‌కి కాథెటర్ గొట్టం, దానికో బ్యాగు. ఇంట్లో ట్రెయినింగ్ ఉన్న మనిషి ఒకరు ఉండాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నా భార్యకి మోకాళ్ల నొప్పులు, అబ్బాయి పుణెలో. నేను ఆడిట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఓచర్ లేని ఖర్చు ఒప్పుకునే అలవాటు లేదు. ఈ రివ్యూలో కాగితాల గోల ఎక్కువగా కనిపిస్తే కారణం అదే.

బ్యూరోవాళ్లు చెప్పిన 24 గంటల డ్యూటీ రేట్లు నెలకి ఇవి: నర్సు అయితే 45,000, ట్రెయిన్డ్ అటెండెంట్ అయితే 27,000, ఆయా అయితే 21,000. రిజిస్ట్రేషన్ 3,000, అది వెనక్కి రాదు. నెల డబ్బు ముందే కట్టాలి. తిండి, పడక మనవే.

"ట్రెయిన్డ్ అటెండెంట్‌కీ ఆయాకీ తేడా ఏమిటండీ?" అని అడిగాను.

"ఎక్స్‌పీరియన్స్ సార్."

"ట్రెయినింగ్ ఎక్కడ అయింది?"

"మా దగ్గరనే సార్. మా దగ్గర అందరూ ట్రెయిన్డే."

అందరూ ట్రెయిన్డే అయితే ఆ ఆరు వేల తేడా దేనికని అడిగితే, "మీరు ముందు మనిషిని చూడండి సార్, నచ్చకపోతే మారుస్తం" అన్నాడు. ఈ జవాబు మా ఆఫీసులో కాంట్రాక్టర్ల నోట చాలాసార్లు విన్నదే.

నర్సు సంగతిలో గందరగోళం లేదు. నర్సింగ్ కోర్సుల్లో జీఎన్ఎం అనే డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఏఎన్ఎం రెండేళ్లు. చదువు అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి, ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగితే నిజమైన నర్సు వెంటనే చెప్పేస్తుంది. మన ఇళ్లలో తెల్లకోటు వేసుకున్న ప్రతి ఆడమనిషినీ "సిస్టర్" అంటాం, బ్యూరోవాళ్లకి ఆ పిలుపే పెట్టుబడి. ఫోన్‌లో "సిస్టర్‌ని పంపిస్తం సార్" అంటారు, వచ్చేది అటెండెంట్. అది అబద్ధం అని నిరూపించలేం, ఎందుకంటే నర్సు అనే మాట వాళ్లు అననే లేదు.

అటెండెంట్ విషయానికి వస్తే, ఇంట్లో రోగిని చూసుకునే మనిషికి ఇన్ని గంటల శిక్షణ ఉండి తీరాలి, లైసెన్సు ఉండి తీరాలి అని మన దగ్గర పట్టుబట్టే చట్టం లేదు. డాక్టర్లూ నర్సులూ కాని వైద్య సిబ్బంది కోసం 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కనీసం 2,000 గంటల చదువు ఉన్న వృత్తులకే వర్తిస్తుంది, కొన్ని నెలల కేర్ గివర్ కోర్సు అందులోకి రాదు. తల్లిదండ్రుల పోషణ చట్టానికి సవరణ బిల్లు ఒకటి 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. ఇంటికి మనుషుల్ని పంపే సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని, వాళ్లు పంపే అటెండెంట్లకి శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలని అందులో ఉంది. బిల్లు పాస్ కాలేదు, 2024లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ల గార్డు ఉంటాడు. ఆ ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ చట్టం కింది నమూనా నియమాల ప్రకారం గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రెయినింగ్ ఇవ్వాలి, పెట్టుకునే ముందు అతని పూర్వాపరాలు విచారించాలి. గేటు దాటి, మూడో అంతస్తు ఎక్కి, మంచాన పడ్డ మనిషి ముక్కులోని ట్యూబ్‌లో పాలు పోసే వ్యక్తికి ఇవేమీ అక్కర్లేదు. ఈ లెక్క తెలిశాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మొదట వచ్చినావిడకి నలభై పైన ఉంటాయి. మంచి మనిషే, వచ్చీ రాగానే అమ్మ తల దువ్వింది. సర్టిఫికెట్ అడిగితే లామినేషన్ చేసిన కార్డు చూపించింది. బ్యూరో లోగో, "సర్టిఫైడ్ పేషెంట్ కేర్" అనే ముక్క, బ్యూరో ఓనరు సంతకం. అంటే పంపేదీ వాళ్లే, పరీక్ష పెట్టేదీ వాళ్లే, పాస్ చేసేదీ వాళ్లే. మధ్యాహ్నం అమ్మని వెల్లకిలా పడుకోబెట్టే ట్యూబ్‌లో జావ పోయడానికి సిరంజి ఎత్తింది. నా భార్య చూసి ఆపింది. అలా పడుకోబెట్టి పోస్తే లోపలిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని హాస్పిటల్‌లో మాకు రెండుసార్లు చెప్పి పంపారు. సాయంత్రం పక్క మార్చేటప్పుడు పడిపోయిన ఎడమ చెయ్యి పట్టుకుని లాగింది, అమ్మ మూలిగింది. పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలు పట్టు వదిలేసి ఉంటుంది, చెయ్యి పట్టి లాగకూడదని ఫిజియోథెరపిస్టు తర్వాత చెప్పాడు.

ఆవిడ తప్పు ఏమీ లేదు. ఎవరూ నేర్పలేదు, ఇరవై ఏడు వేల రేటు పెట్టి పంపారు. ఆమె చేతికి ఎంత వస్తుందో అడిగితే చెప్పడానికి భయపడింది.

మనిషిని మార్చమంటే బ్యూరో ఒప్పుకుంది కానీ "రీప్లేస్‌మెంట్ చార్జి" అని 1,000 అడిగింది. అగ్రిమెంట్‌లో ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాను, ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. కొత్త మనిషి వచ్చేలోపు రాత్రిళ్లు నేనే అలారం పెట్టుకుని లేచాను.

రెండో అమ్మాయిది ములుగు వైపు ఊరు. వయసు ఇరవై ఆరో ఏడో. ఆమె బ్యాగులో సర్టిఫికెట్ జిరాక్స్ ఉంది: వైద్యరంగ పనుల శిక్షణకి సర్టిఫికెట్లు ఇచ్చే హెల్త్‌కేర్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చినది, జాబ్ రోల్ దగ్గర హోమ్ హెల్త్ ఎయిడ్, లెవెల్ 4. కింద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆమె పేరు, కోర్సు వచ్చాయి. ప్రభుత్వ స్కీము కింద డబ్బు కట్టకుండా హాస్టల్‌లో ఉండి నేర్చుకుందట, చివర్లో ఒక ఆస్పత్రి వార్డులో పని చేయించారట. ఇలాంటి కోర్సుల్లోనే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ఇంకోటి ఉంది, అది హాస్పిటల్ వార్డు పనికి. 2021 జూన్‌లో కోవిడ్ కోసం కేంద్రం మొదలుపెట్టిన క్రాష్ కోర్సుల్లో "హోమ్ కేర్ సపోర్ట్" అని ఒకటి ఉంది, ఆ కాగితం చూపించేవాళ్లూ తగలొచ్చు. అది నకిలీ కాదు కానీ కోవిడ్ అవసరానికి తొందరగా తయారుచేసిన కోర్సు, దాని తర్వాత ఎక్కడెక్కడ పనిచేశారో అడగాలి.

ఆమె పని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరింటికి ఎవరు వచ్చినా మొదటిరోజే కనిపెట్టగల విషయాలు ఇవి. ట్యూబ్ ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడిగింది. మంచం తలవైపు ఎత్తి, అమ్మని సగం కూర్చున్నట్టు సర్దింది. ముక్కు దగ్గర ట్యూబ్ మీదున్న గుర్తు జరిగిందా లేదా చూసింది, సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి చూసింది. ముందు కాసిని నీళ్లు, తర్వాత జావ, మళ్లీ నీళ్లు. సిరంజి పిస్టన్‌తో నెట్టలేదు, గొట్టం ఎత్తిపట్టి దానంతట అదే దిగనిచ్చింది. "తొందర పడితే అమ్మమ్మకి కక్కు వస్తది సార్" అంది. అయ్యాక అరగంటకి పైగా పడుకోనివ్వలేదు. మాత్రలు ఒక్కోటీ విడిగా నూరి, మధ్యలో నీళ్లు పోసింది. అన్నీ కలిపి నూరితే ట్యూబ్ మూసుకుపోతుందట.

కాథెటర్ బ్యాగు ఎప్పుడూ మంచం మట్టం కంటే కిందే, కానీ నేలకి ఆనకుండా. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మోకాళ్ల మధ్య దిండు, మడమలు పరుపుకి ఒత్తుకోకుండా పిక్కల కింద మడత దుప్పటి. అమ్మని పైకి జరపాలంటే చేతులు పట్టి లాగదు. నడుము కింద అడ్డంగా ఒక దుప్పటి వేసి ఉంచుతుంది, నన్ను అటువైపు నిలబెట్టి "ఒకటి రెండు మూడు" అని ఇద్దరం దుప్పటితో సహా ఎత్తుతాం. నా వయసులో ఇది వ్యాయామం కిందే లెక్క. ఎయిర్ బెడ్ ఉంది కదా పక్క మార్చడం దేనికి అని మా బావమరిది అడిగితే, బెడ్ ఉన్నా మార్చాల్సిందేనని చెప్పింది. అమ్మ నడుము దగ్గర హాస్పిటల్‌లోనే ఎర్రబడిన చోటు ఇప్పుడు మామూలైంది.

ఒక నోట్‌బుక్ అడిగి తీసుకుంది. ఎన్ని గంటలకి ఎంత పోసింది, యూరిన్ ఎంత, బీపీ ఎంత, విరేచనం అయిందా లేదా, అన్నీ రాస్తుంది. ఆడిటర్ ఇంట్లో ఇంతకంటే మార్కులు కొట్టే పని ఇంకోటి లేదు.

అసలు పరీక్ష ఒక రాత్రి వచ్చింది. అమ్మ నిద్రలో కుడిచేత్తో ట్యూబ్ లాగేసుకుంది. ఆ అమ్మాయి మమ్మల్ని లేపి, అమ్మని పక్కకి తిప్పి నోరు తుడిచి, "నర్సునైనా పిలవండి సార్, లేదంటే హాస్పిటల్‌కి పోదాం, ఇది నేను పెట్టేది కాదు" అంది. బ్యూరో నైట్ నంబరుకి ఫోన్ చేస్తే అవతలివాడు నిద్రమత్తులో "ఆ పిల్లనే పెట్టమనండి సార్, ఎన్నోసార్లు పెట్టింది" అన్నాడు. ఫోన్ ఆమె చేతికిచ్చాను. "పెట్టను సార్. చూసిన, కానీ పెట్టలే. ఊపిరితిత్తుల్లకి పోతే ఎవరు జవాబు చెప్తరు?" అంది గట్టిగా. అవతలి నుంచి ఏదో అరుపు వినపడింది. తెల్లారి హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. అక్కడ నర్సు కొత్త ట్యూబ్ వేసి, ఎక్స్‌రే తీయించి, సరైన చోటే ఉందని డాక్టరు చూశాకే పాలు మొదలుపెట్టమన్నారు.

నేను ఈ సేవకి డబ్బు కట్టింది నిజానికి ఆ ఒక్క "పెట్టను" అనే మాటకే అనిపిస్తుంది. ఏం చేయాలో నేర్పే కోర్సులు బోలెడు. ఏం చేయకూడదో నేర్పి, పైవాడు కసిరినా నిలబడేలా చేసింది ఆమె చదివిన కోర్సే అయితే ఆ కోర్సుకి ఐదుకి ఐదు. బ్యూరోకి మాత్రం ఆ ఫోన్‌తోనే ఒక స్టార్ పోయింది.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది, ఎడిసన్ దగ్గర. వాళ్ల అత్తగారికి హోమ్ హెల్త్ ఎయిడ్ వస్తుంది. అక్కడ ఆ పని చేయాలంటే 76 గంటల కోర్సు చదవాలి, వేలిముద్రలిచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి, రాష్ట్ర నర్సింగ్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోవాలి, రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలోనే పనిచేయాలి. 76 గంటలంటే మన గార్డు గంటల్లో సగం కూడా కాదు. పెద్ద చదువేం అక్కర్లేదు, ఉన్న కొంచెం చదువూ ఉండి తీరాలి అంటారు, అంతే. జపాన్‌లో ఇళ్లకి వెళ్లి సేవ చేసేవాళ్లకి మొదటి మెట్టు కోర్సే 130 గంటలు.

ఇక అగ్రిమెంట్. నాలుగు పేజీలు, అందులో మూడు పేజీలు బ్యూరోని కాపాడేవే. రోగికి ఏమైనా అయితే బాధ్యత లేదు, వస్తువులు పోతే బాధ్యత లేదు, మనిషిని మనం నేరుగా పెట్టుకుంటే లక్ష రూపాయల జరిమానా. వారానికి సెలవు ఎన్నిరోజులు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఆమెకి మా ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలి, ఇవేవీ లేవు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లు కూడా పనిచోటే, ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. ఇది ఆమెకి నేను చెప్పేదాకా తెలియదు. 24 గంటల డ్యూటీ అంటే 24 గంటలూ మేలుకుని ఉండే మనిషి దొరకదు కదా. రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా పక్క మార్చే వంతు నాదీ నా భార్యదీ అని, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆమెకి సెలవని చేత్తో రాసి ఇద్దరం సంతకం పెట్టాం. బ్యూరోవాళ్లకి ఇది నచ్చలేదు. "అలవాటు చెయ్యకండి సార్" అన్నారు.

డబ్బు సంగతి: మొదటి నెల 27,000 ఒక వ్యక్తి ఫోన్ నంబరుకి పంపమన్నారు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో "రిసీవ్డ్" అని పెట్టారు. ఆ అమ్మాయి చేతికి వచ్చేది 17,000 అట, అదీ పదో తారీఖు దాటాక. నెలనెలా పదివేలు బ్యూరోకి. దానికి బదులు వాళ్లు చేసిన పని నాకు కనిపించలేదు. ఇంటికి వచ్చి పని ఎలా జరుగుతోందో చూసిన సూపర్‌వైజర్ లేడు, రాత్రి ఫోన్ ఎత్తే నర్సు లేదు. పోలీస్ వెరిఫికేషన్ అయిందన్నారు. కాగితం పంపమంటే ఆధార్ జిరాక్స్ పంపారు. ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది, ఆ మనిషి మీద కేసులున్నాయో లేదో చెప్పదు. ఆమె ఒప్పుకున్నాక వెరిఫికేషన్ నేనే పెట్టించాను.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇంకొకటి. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు, టెన్త్ మెమోతో సహా, బ్యూరో బీరువాలో ఉన్నాయి. చేరేటప్పుడు "సేఫ్టీ కోసం" అని తీసుకున్నారట. ఇజ్రాయెల్‌లో కేర్ గివర్ ఉద్యోగాలున్నాయని ఆమె స్నేహితురాలు చెప్పింది. 2024లో కేంద్రం ఇజ్రాయెల్‌కి 5,000 మంది కేర్ గివర్లని పంపడానికి ప్రకటన ఇచ్చినప్పుడు అడిగిన అర్హతలు పదో తరగతి, గుర్తింపు ఉన్న సంస్థ సర్టిఫికెట్, కనీసం 990 గంటల ఆన్ ద జాబ్ ట్రెయినింగ్ ఉన్న కేర్ గివింగ్ కోర్సు. తన కోర్సు గంటలు దానికి సరిపోతాయా అని నన్ను అడిగింది. సరిపోవేమో అన్నాను, కానీ సరిపోతాయో లేదో చూసుకోవడానికైనా అసలు కాగితాలు ఆమె చేతిలో ఉండాలి. మా రాష్ట్రంలో ఇలాంటి ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, దళారులకి లక్షలు పోయకుండా అక్కడ పేరు రాయించుకోమని చెప్పాను.

రెండో నెల డబ్బు కట్టే ముందు బ్యూరోకి ఒక ఉత్తరం రాశాను, పాత అలవాటు ప్రకారం పాయింట్ల వారీగా. ఒరిజినల్స్ ఆమెకి తిరిగి ఇచ్చినట్టు సంతకం, బ్యూరో పేరు మీద బిల్లు, రాత్రి అత్యవసరానికి ఒక రిజిస్టర్డ్ నర్సు నంబరు. ఈ మూడూ వచ్చాకే డబ్బు అన్నాను. మొదటి రెండూ వారంలో వచ్చాయి. మూడోది ఇప్పటికీ రాలేదు, మేమే దగ్గర్లో ఉన్న జీఎన్ఎం నర్సుతో విడిగా మాట్లాడుకున్నాం, ట్యూబ్, కాథెటర్ మార్చడానికి వచ్చినప్పుడల్లా ఇంత అని.

ఈ బ్యూరోని ఎవరికి చెప్తానంటే, స్నానం చేయించడం, నడిపించడం, తోడుగా ఉండడం వరకే కావాలంటే 21,000 రేటులో మనిషిని తీసుకోండి. "ట్రెయిన్డ్" అని ఆరు వేలు ఎక్కువ కట్టకండి. ట్యూబ్, కాథెటర్, పక్షవాతం ఉంటే మనిషిని పంపకముందే సర్టిఫికెట్ ఫోటో తెప్పించుకుని, ఇచ్చిందెవరో, జాబ్ రోల్ ఏమిటో చదివి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఓనరు సంతకం ఉన్న లామినేషన్ కార్డు వస్తే ఇంకో బ్యూరోకి ఫోన్ చేయండి. మొదటిసారి ట్యూబ్‌లో పోసేటప్పుడు మీరు పక్కనే నిలబడండి, తలవైపు మంచం ఎత్తకుండా సిరంజి తీస్తే అక్కడే ఆపేయండి.